చిన్న ఎర్రర్ నాణెం దొరికితే గ్రేడింగ్‌కి పంపాలా, వద్దా?

చిల్లరలో వచ్చిన రెండు రూపాయల బిళ్ల మీద ఒక సన్నటి గీత లేచి కనిపిస్తుంది. ఇంకో నాణెంలో బొమ్మ నిటారుగా ఉంటే బొరుసు పక్కకి వాలి ఉంటుంది. మరో దాంట్లో సంవత్సరం అంకె సగమే పడుతుంది. టాకశాలలో జరిగిన ఇలాంటి పొరపాట్ల నాణేలనే కలెక్టర్లు ఎర్రర్ కాయిన్లు అంటారు. వీటిని అమెరికా కంపెనీకి పంపి, నాణెం స్థితికి నంబరు వేయించి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేయిస్తే (దీన్నే గ్రేడింగ్ అంటారు) ధర పదింతలవుతుందని అమలాపురం నుంచి భీమవరం దాకా చాలామంది ఆశపడుతున్నారు.

చిన్న ఎర్రర్లలో అత్యధిక భాగానికి గ్రేడింగ్ ఖర్చు తిరిగి రాదు. తిరిగొచ్చేవి కొన్ని ఉన్నాయి. ఏది ఏ వైపు పడుతుందో పంపకముందే, ఇంట్లో బల్ల మీదే తేల్చుకోవచ్చు. దానికి కావలసిన పనులన్నీ వరసగా కింద ఉన్నాయి.

ముందు సామాన్లు

0.01 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం, 0.01 మిల్లీమీటరు చూపే డిజిటల్ వెర్నియర్ కాలిపర్, పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్ అనే చిన్న భూతద్దం, ఒక చిన్న నియోడిమియం అయస్కాంతం, వంచడానికి వీలయ్యే ఎల్ఈడీ దీపం, స్కూలు పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానిని. నాణెం గీసుకోకుండా కింద మెత్తటి నూలుగుడ్డ పరవండి. కాలిపర్ ఇనుప దవడలు నాణేన్ని గీస్తాయి కాబట్టి కొలిచేటప్పుడు మధ్యలో పలచటి కాగితం పెట్టి, ఆ కాగితం మందాన్ని తీసేయండి.

తూకం ఫ్యాను గాలికి ఊగుతుంది. ఫ్యాను ఆపి మూడుసార్లు తూచి, మూడూ ఒకటే వస్తేనే రాసుకోండి. తూకం కొన్నప్పుడు దాంతో వచ్చే సరిచూసే బరువుని పారేయకండి. మన గాలిలో తేమకి చవక తూకాలు నెలా రెండు నెలల్లో కాస్త పక్కకి జరుగుతాయి.

మొదటి పని: కడగకండి

పాత నాణెం దొరకగానే చింతపండుతో తోమడం, నిమ్మచెక్క రుద్దడం, ఇత్తడి గిన్నెలు తోమే పొడి వేయడం మనకి అలవాటు. నాణెం విలువ పోయేది ఎక్కువగా ఇక్కడే. టాకశాలలో దెబ్బ పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచుల వైపు పారుతుంది. ఆ పారుదల మిగిల్చే అతి సన్నటి గీతల వల్లే కొత్త నాణెం తిప్పితే వెలుగు గాలిమరలా తిరుగుతుంది. పులుపు ఆ గీతల్ని తినేస్తుంది, పొడి వాటిని అరగదీస్తుంది. గ్రేడరు దీన్ని లూప్‌లో క్షణంలో పట్టేస్తారు. నంబరు ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని రాసి, ‘కడిగిన నాణెం’ అని కారణం చేర్చి పంపుతారు. ఫీజు మాత్రం మొత్తం తీసుకుంటారు.

జిడ్డు, టేపు బంక, ఆల్బమ్ ప్లాస్టిక్ వదిలిన పచ్చటి జిగురు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్ ఒక్కటే దారి. ల్యాబ్ రసాయనాలు అమ్మే షాపులో దొరుకుతుంది. గోళ్లరంగు తీసే ద్రవం వాడకండి, అందులో నూనెలు, రంగులు, సువాసనలు కలుస్తాయి. గాజు గిన్నెలో నాణెం మునిగేంత పోసి, అయిదు నుంచి పది నిమిషాలు ఉంచి, అంచులు పట్టుకుని తీసి, రుద్దకుండా గాలికి ఆరనివ్వండి. కిటికీ తీసి ఉంచండి. పక్కన పొయ్యి, దీపం, అగరొత్తి ఏవీ ఉండకూడదు, అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. హుండీ చిల్లరకి పట్టిన పసుపు మరక కూడా దీంతో కొంత వదులుతుంది. వదలనిది వదిలేయండి.

రెండో పని: అసలు ఎర్రరేనా?

మన చేతుల్లోకి వచ్చే ‘ఎర్రర్ల’లో పెద్ద భాగం ఎర్రర్లే కావు. సంవత్సరం కింద గుర్తు లేదని ఆశ్చర్యపోతారు. కోల్‌కతా టాకశాల నాణేలకి గుర్తు ఉండదు, అదే దాని గుర్తు. ముంబైది డైమండ్, హైదరాబాద్‌ది అయిదు కోణాల నక్షత్రం, నోయిడాది గుండ్రటి చుక్క. హైదరాబాద్ పాత నాణేల్లో చీలిన డైమండ్, మధ్యలో చుక్క ఉన్న డైమండ్ కూడా కనిపిస్తాయి. 1985 రూపాయి మీద సంవత్సరం కింద హెచ్ అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టాకశాలలో కొట్టించిన నాణెం. ఇవన్నీ రకాలే, పొరపాట్లు కావు.

పది రూపాయల బిళ్ల మీద రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా రెండూ మంచివే. అప్పటివరకు వచ్చిన పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. 2012లో వచ్చిన వైష్ణోదేవి అయిదు, పది రూపాయల నాణేలు కూడా ఎర్రర్లు కావు. వాటికి లక్షలిస్తామంటూ ముందుగా ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అడిగేవాళ్లు మోసగాళ్లు. పాత నాణేలు, నోట్లు కొనే వ్యాపారం తాము చేయమని, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరిక కూడా ఇచ్చింది.

మూడో పని: తూకం, కొలత, అయస్కాంతం

ఈ మూడూ కలిపి చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. దగ్గర పెట్టుకోవలసిన అంకెలు ఇవి.

రూపాయి: 1962 నుంచి 1974 వరకు వచ్చినది నికెల్, 10 గ్రాములు, 28 మిల్లీమీటర్లు, అయస్కాంతానికి అంటుకుంటుంది. 1975 నుంచి 1982 దాకా కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిసిన లోహం), 8 గ్రాములు, 28 మిల్లీమీటర్లు. 1983 నుంచి 1991 దాకా కుప్రోనికెల్, 6 గ్రాములు, 26 మిల్లీమీటర్లు. ఈ రెండూ అంటుకోవు. 1992 నుంచి స్టీలు, 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు, అంటుకుంటుంది. 2011 శ్రేణి స్టీలు రూపాయి 3.79 గ్రాములు, సుమారు 22 మిల్లీమీటర్లు.

రెండు రూపాయలు: పదకొండు మూలల పాతది కుప్రోనికెల్, 6 గ్రాములు, 26 మిల్లీమీటర్లు. 2005 నుంచి వచ్చిన గుండ్రటి స్టీలు నాణెం 5.62 గ్రాములు, 27 మిల్లీమీటర్లు. 2011 శ్రేణిది 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు.

అయిదు రూపాయలు: మందపాటి కుప్రోనికెల్ బిళ్ల 9 గ్రాములు. 2007 స్టీలుది, 2009–2018 మధ్య నికెల్ బ్రాస్‌ది రెండూ 6 గ్రాములే. మూడింటి వ్యాసమూ 23 మిల్లీమీటర్లే. స్టీలుది మాత్రమే అయస్కాంతానికి అంటుతుంది.

పది రూపాయలు 7.71 గ్రాములు, ఇరవై రూపాయలు 8.54 గ్రాములు, రెండూ 27 మిల్లీమీటర్లు.

రెండు, మూడు శాతం తేడాని పట్టించుకోకండి, టాకశాల అంత వరకు అనుమతిస్తుంది. అంతకు మించిన తేడా ఉండి, నాణెం పైభాగం కొత్తదానిలా మెరుస్తుంటే అప్పుడు చూడాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 1992–2011 మధ్య రూపాయి, 2011 శ్రేణి రెండు రూపాయలు బరువులోను, వ్యాసంలోను, లోహంలోను ఒకటే. అందుకని ‘రూపాయి కోసం కోసిన ఖాళీ బిళ్ల మీద పడిన రెండు రూపాయల ముద్ర’ అని ఎవరైనా 4.85 గ్రాముల నాణెం చూపిస్తే, ఆ మాటని తూకంతో రుజువు చేయడం కుదరదు. రుజువు లేని ఎర్రర్‌కి గ్రేడింగ్ కంపెనీ లేబుల్ ఇవ్వదు, ఇలాంటి దానికి డబ్బు పెట్టకండి. అదే అయిదు రూపాయల ముద్ర ఉన్న నాణెం 3.79 గ్రాములు తూగి, అంచు అక్షరాలు కొంత తెగి ఉంటే కథ వేరు. తప్పు బిళ్ల మీద పడిన ముద్ర చిన్న ఎర్రర్ కాదు.

నాలుగో పని: టాకశాల తప్పా, బయటి దెబ్బా?

నాణెం ఎలా పుడుతుందో తెలిస్తే ఇది తేలిక. లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు. వాటిని కాల్చి మెత్తబరచి, అంచు లేపుతారు. తర్వాత ఆ బిళ్ల కాలర్ అనే ఉక్కు వలయంలో కూర్చుంటుంది. కింద ఒక డై, పైన ఒక డై; డై అంటే ముద్ర చెక్కిన ఉక్కు అచ్చు. రెండూ ఒక్క దెబ్బతో బొమ్మ, బొరుసు, అంచు వేసేస్తాయి. నిమిషానికి వందల దెబ్బలు పడతాయి. ఈ దశల్లో ఎక్కడో తేడా జరిగినట్టు ఆనవాలు ఉంటేనే అది ఎర్రర్. ఆ ఆనవాలు లేనిదంతా బయట తగిలిన దెబ్బే.

సూత్రం ఒకటి గుర్తుంచుకోండి. డైలో పగులు వస్తే లోహం ఆ పగుల్లోకి దూరుతుంది, కాబట్టి నాణెం మీద గీత పైకి లేచి ఉంటుంది. గీత లోపలికి దిగి ఉంటే చాలావరకు ఎవరో గీసినదే. దీపాన్ని పక్క నుంచి, బల్లకి 20–30 డిగ్రీల ఎత్తులో పెట్టి నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. లేచిన గీతకి వెలుతురు ఉన్న వైపు మెరుపు, అవతలి వైపు నీడ పడతాయి. దిగిన గీతకి ఇది తిరగబడుతుంది.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా ఎదురయ్యేవి మూడున్నాయి.

ఒకటి, గోదారి నాణేలు. రాజమండ్రి వంతెనల మీద రైలు దాటుతుంటే దణ్ణం పెట్టి వేసే చిల్లర, పుష్కరాల్లో రేవుల్లో వేసేది, తర్వాత తాడు కట్టిన అయస్కాంతాలకి అంటుకుని బయటికొస్తుంది. ఇసుక రాపిడి, నీరు కలిసి వాటిని పలచబరుస్తాయి. 3.79 గ్రాముల రూపాయి మూడున్నర కూడా తూగదు. దాన్ని ‘పలుచటి బిళ్ల ఎర్రర్’ అని అమ్మజూపుతారు. లూప్‌లో చూస్తే ఉపరితలమంతా సన్నటి గుంటలు, అక్షరాల మూలలన్నీ ఒకే తీరున మొద్దుబారి ఉంటాయి. అసలైన పలుచటి బిళ్లలో అలా ఉండదు. ఎత్తైన భాగాలు మాత్రమే సరిగ్గా పడవు, మిగతా చోట టాకశాల మెరుపు అలాగే ఉంటుంది. యానాం, అంతర్వేది వైపు ఉప్పునీటిలో ఉన్న స్టీలు నాణేలైతే లోతైన తుప్పు గుంటలు పడతాయి. వాటికి గ్రేడే రాదు.

రెండోది, ఉప్పు తగిలిన చిల్లర. చేపల మార్కెట్లలో, రొయ్యల షెడ్ల దగ్గర తిరిగిన నికెల్ బ్రాస్ అయిదు రూపాయలు ఎర్రగా, కొన్నిచోట్ల రాగి రంగులో కనిపిస్తుంది. దాన్ని తప్పు లోహం అనుకుంటారు. తూకం 6 గ్రాములే వస్తుంది. రంగు మారడం ఎర్రర్ కాదు.

మూడోది, విడదీసిన పది రూపాయలు. మధ్య బిళ్లని కొట్టి ఊడదీసి, తిరగేసి మళ్లీ బిగిస్తారు. రెండు లోహాల కలయిక దగ్గర లూప్ పెట్టండి. టాకశాలలో మధ్య బిళ్ల, వలయం ఒకే దెబ్బలో ముద్ర పడి కలుస్తాయి కాబట్టి కలయికను దాటే డిజైన్ తెగకుండా సాగుతుంది. ఊడదీసిన దాంట్లో ఆ గీత చుట్టూ సుత్తి దెబ్బ, గీకుడు, ఖాళీ కనిపిస్తాయి.

అయిదో పని: ఎర్రర్ ఏ తరగతిది?

ఇక్కడ తొందరపడకండి. గ్రేడింగ్‌కి పంపాలా వద్దా అన్నది దాదాపు ఇక్కడే తేలిపోతుంది.

*డై పగులు, డై ముక్క.* సన్నటి లేచిన గీత, అక్షరంలో నిండిన చుక్క. డై అరిగే కొద్దీ వేల నాణేల మీద ఇదే వస్తుంది. సేకరించడానికి ఎంతో బాగుంటాయి, ముఖ్యంగా ఒకే డై పగులు పెరుగుతూ పోయే దశలన్నీ వరసగా దొరికితే. గ్రేడింగ్‌కి మాత్రం దండగ. అంచు దగ్గర డై ముక్క పూర్తిగా విరిగిపోతే నాణెం మీద పెద్ద బొబ్బలా లేస్తుంది, దాన్ని కడ్ అంటారు. దానికి సరిగ్గా వెనక వైపు ముద్ర బలహీనంగా ఉంటుంది, అదే అసలుదనానికి సాక్ష్యం. నాణెంలో పదో వంతు మించిన కడ్ అయితే పక్కన పెట్టుకుని ఆలోచించవచ్చు.

*జిడ్డు నిండిన డై.* అంకె, అక్షరం పడకపోవడం. సంవత్సరం మొత్తం పోయినా సరే, ధర పెద్దగా ఉండదు. పైగా ఎవరైనా అరగదీశారా అన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది.

*తిరిగిన డై.* మన గణతంత్ర నాణేల్లో బొమ్మని నిటారుగా పెట్టి పుస్తకం పేజీలా పక్కకి తిప్పితే బొరుసు కూడా నిటారుగా రావాలి. కార్డుబోర్డు హోల్డర్‌లో సింహాల తల సరిగ్గా పైకి వచ్చేలా బిగించి, హోల్డర్‌ని తిప్పి, కోణమానినితో కొలవండి. 15–20 డిగ్రీల లోపు వంపుకి విలువ లేదు. 90 డిగ్రీలు దాటితే ఆసక్తి మొదలవుతుంది, 180 అయితే కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. దీనికి గ్రేడింగ్‌తో పని లేదు. కోణం ఎవరి చేతిలోనైనా అదే వస్తుంది, నకిలీ చేయడం దాదాపు అసాధ్యం. ఇంట్లో తీసిన ఫోటోనే చాలు.

*జంట గీతలు.* అక్షరాలు రెండుగా కనిపిస్తే గుండె వేగంగా కొట్టుకుంటుంది. చాలావరకు అది దెబ్బ పడ్డాక డై కదలడం వల్ల వచ్చే యంత్రపు జాడ. ఆ రెండో అక్షరం మెట్టులా చదునుగా, కిందుగా ఉంటుంది, అసలు అక్షరం సన్నబడుతుంది. దీనికి విలువ లేదు. డై తయారీలోనే రెండుసార్లు ముద్ర పడితే రెండు అక్షరాలూ ఒకే ఎత్తులో, గుండ్రంగా, చివర్లు చీలి ఉంటాయి. అది నిజమైన డబుల్డ్ డై. మన నాణేల్లో ఇది అరుదు, దొరికితే నిపుణుడికి చూపించండి.

*పక్కకి జరిగిన ముద్ర.* ముందు రెండు వైపులా చూడండి. ఒక వైపు మాత్రమే జరిగి ఉంటే అది వంకరగా అమర్చిన డై, చిన్న విషయం. రెండు వైపులా ఒకే దిశలో జరిగితే అసలైన ఆఫ్ సెంటర్. కోల్పోయిన డిజైన్ అయిదు శాతం లోపైతే చిల్లర కిందే లెక్క. పది, పదిహేను దాటితే విలువ మొదలవుతుంది. సగం దాకా జరిగి, సంవత్సరం, విలువ అంకె రెండూ కనిపించేదానికి మంచి ధర. సంవత్సరం పోతే ధర బాగా పడిపోతుంది. అల్యూమినియం అయిదు, పది, ఇరవై పైసల్లో ఇలాంటివి తరచూ కనిపిస్తాయి, వాటికి ఆశ తగ్గించుకోండి.

*కాలర్ లేకుండా పడిన దెబ్బ.* వలయం పట్టుకోకపోవడంతో లోహం విచ్చుకుపోతుంది. వ్యాసం ఒక మిల్లీమీటరైనా పెరుగుతుంది, అంచు పళ్లు ఉండవు, బరువు మాత్రం మారదు. సుత్తితో కొట్టినదానికీ వ్యాసం పెరుగుతుంది కానీ అక్షరాలు చదునైపోతాయి.

*తెగిన బిళ్ల.* రేకు కోసేటప్పుడు పక్క రంధ్రం మీద పడితే నాణేనికి చంద్రవంకలా ముక్క పోతుంది. ఆ కోతకి సరిగ్గా ఎదురుగా ఉన్న రిమ్ (లేచిన అంచు) బలహీనంగా, కలిసిపోయినట్టు ఉండాలి. బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అనే ఈ ఆనవాలు చాలా అసలైన కోతల్లో ఉంటుంది. ఆకురాయితో చేసిన నకిలీలో ఎదురు రిమ్ పూర్తిగా నిండుగా ఉంటుంది, కోత అంచు మీద గీతలు కనిపిస్తాయి.

*లఖీ.* ఒక వైపు మామూలు ముద్ర, ఇంకో వైపు అదే ముద్ర అద్దంలోలా తిరగబడి లోపలికి దిగి ఉండటం. ముందు నాణెం డైకి అంటుకుపోయి, తర్వాతి బిళ్లకి అదే అచ్చుగా మారినప్పుడు పుడుతుంది. కలెక్టర్లు దీని కోసం నిజంగా డబ్బు పెడతారు, అందుకే నకిలీలూ ఎక్కువే. రెండు నాణేల్ని వైస్‌లో బిగించి నొక్కేస్తారు. నకిలీలో మామూలు వైపు ఎత్తు భాగాలు నలిగిపోయి ఉంటాయి. అసలు లఖీలో ఆ వైపు ముద్ర కరుకుగా, నిండుగా ఉంటుంది.

ఆరో పని: లెక్క

గ్రేడింగ్ ఖర్చంటే వెబ్‌సైట్‌లో కనిపించే ఫీజొక్కటే కాదు. మూల ఫీజు, ఎర్రర్‌ని లేబుల్ మీద రాయించడానికి అదనపు ఫీజు, ఒక్కో పార్సిల్‌కి నిర్వహణ ఫీజు, వెళ్లడానికి రావడానికి షిప్పింగ్, బీమా, డీలరు కమీషన్, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్, డాలరు మార్పిడి. ఇవన్నీ డీలరు చేత కాగితం మీద రాయించుకుని నాణేల సంఖ్యతో భాగించండి.

లెక్క కోసం నాణేనికి 6,000 రూపాయలు పడిందనుకుందాం. తిరిగిన డై ఉన్న రెండు రూపాయలు డబ్బా లేకుండా 300కి అమ్ముడవుతుంది, డబ్బాతో 1,500 వస్తుంది అనుకోండి. ధర అయిదు రెట్లయినా మీకు 4,800 నష్టం. అదే ఒక మంచి లఖీ డబ్బా లేకుండా 8,000, డబ్బాతో 20,000 పలికితే, వేలం కమీషన్ పది శాతం, గ్రేడింగ్ 6,000 తీసేసినా 12,000 చేతికొస్తుంది. నాలుగు వేలు మిగులు. ఇంతే తేడా.

పద్ధతి ఏమిటంటే, డబ్బాతో వచ్చే ధరలోంచి కమీషన్ తీసేసి, అందులోంచి డబ్బా లేని ధర తీసేయండి. మిగిలినది గ్రేడింగ్ ఖర్చుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉంటేనే పంపండి. పై లఖీ ఉదాహరణలో ఆ తేడా 10,000, ఖర్చుకి ఒకటిన్నర రెట్లంటే 9,000, కాబట్టి అది గట్టెక్కింది. ‘డీటెయిల్స్’ వచ్చే ప్రమాదానికి ఆ అదనపు సగం కావాలి. ధరలు అమ్మేవాళ్లు అడిగే రేట్లలోంచి తీసుకోకండి. ముంబై టోడీవాలా, బెంగళూరు మరుధర్ ఆర్ట్స్ లాంటి వేలం సంస్థలు అమ్మకం అయ్యాక చూపే తుది ధరలే నిజమైన ధరలు.

డబ్బు కోసం కాకుండా నాన్నగారు దాచిన నాణెం కాబట్టి సీలు చేయించుకోవాలనిపిస్తే అది మంచి కారణమే. అప్పుడు ఈ లెక్కతో పనిలేదు, ఖర్చు తెలిసి చేయండి.

గ్రేడింగ్ వద్దనుకుంటే

రెండంగుళాల కార్డుబోర్డు హోల్డర్‌లో, మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్నదాన్ని చూసి, నాణేన్ని పెట్టి నాలుగు వైపులా పిన్ను కొట్టండి. పిన్ను చివర్లని శ్రావణంతో నొక్కి చదును చేయకపోతే పక్క హోల్డర్లోని నాణేన్ని గీస్తాయి. హోల్డర్ మీద పెన్సిల్‌తో విలువ, సంవత్సరం, టాకశాల, బరువు, వ్యాసం, ఎర్రర్ పేరు, కోణం లేదా శాతం రాయండి. ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీయండి: బొమ్మ, బొరుసు, ఎర్రర్ దగ్గరగా, తూకం మీద అంకె కనపడేలా. కొనేవాడికి చిన్న ఎర్రర్ విషయంలో కావలసిన రుజువంతా ఇదే.

మెత్తటి పీవీసీ జేబుల ఆల్బమ్‌లు వాడకండి. వేడికి, తేమకి ఆ ప్లాస్టిక్ ఆమ్లం వదులుతుంది, కోనసీమ వానాకాలంలో ఒక్క ఏడాదికే పచ్చ జిగురు కనిపిస్తుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో 50 గ్రాముల రంగుమారే సిలికా జెల్ వేసి, జూన్ నుంచి డిసెంబరు దాకా నెలకోసారి చూడండి. రంగు మారితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు పెట్టి మళ్లీ వాడొచ్చు. చెక్కపెట్టెలు, అట్టపెట్టెలు వద్దు, అవి తేమ పీల్చుకుంటాయి.

పంపాలనే తేలితే

ముందు వయసు చూడండి. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువే, గ్రేడింగ్ కోసమైనా సరే దేశం దాటించకూడదు. పాలకొల్లు, జగన్నాథపురం వైపు డచ్చివాళ్ల కాలపు రాగి నాణేలు, ఈస్టిండియా కంపెనీ కాసులు, విక్టోరియా రాణి పావలాలు ఇంట్లో ఉంటే అవన్నీ ఈ గీతకి అవతలే. చేపల చెరువు తవ్వుతుంటేనో, పొలంలోనో నాణేల కుండ బయటపడితే అది ఇంకో సంగతి. 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించినదాన్ని జిల్లా కలెక్టరుకి తెలియజేయాలి.

1972 నుంచి నాణేల ధ్రువీకరణ చేస్తున్న ఏఎన్ఏసీఎస్, 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ, ఈ మూడు గ్రేడింగ్ కంపెనీలూ నాణెం స్థితికి 1 నుంచి 70 వరకు నంబరు ఇచ్చే షెల్డన్ కొలమానమే వాడతాయి. ఏ కంపెనీ ఏ ఎర్రర్‌ని లేబుల్ మీద రాస్తుందో వాళ్ల వెబ్‌సైట్‌లో పట్టిక ఉంటుంది. పంపేముందు అది చదవండి. మీ ఎర్రర్ ఆ పట్టికలో లేకపోతే లేబుల్ మీద మామూలు నాణెం అనే వస్తుంది, ఫీజు పోయినట్టే.

కాకినాడ, భీమవరం పోస్టాఫీసు నుంచి మీరే విదేశానికి కవరు పంపకండి. కంపెనీ అధికారిక డీలర్ల జాబితాలోని భారతీయ డీలరు ద్వారానే పంపండి, ఎగుమతి కాగితాలు వాళ్లు చూస్తారు. డీలరు దాకా పంపేటప్పుడు పిన్నులున్న హోల్డర్లు తీసేసి, పీవీసీ లేని మెత్తటి ఫ్లిప్‌లో (రెండు జేబుల ప్లాస్టిక్ కవరు) నాణెం, పక్క జేబులో చీటీ పెట్టి, రెండు అట్టల మధ్య కదలకుండా బిగించండి. ఫారంలో ‘ఎర్రర్’ గడి టిక్కు పెట్టి, ఎర్రర్ పేరు స్పష్టంగా రాయండి. ఈ గడి వదిలేస్తే గ్రేడర్లు ఎర్రర్‌ని వెతకరు. ప్రకటిత విలువ తగ్గించి రాయకండి, పార్సిల్ పోతే బీమా అంతే ఇస్తుంది. డీలరు ఇచ్చే రసీదు మీద నాణెం ఫోటో, బరువు, ప్రకటిత విలువ ఉండేలా చూసుకోండి.

తిరిగొచ్చాక డబ్బా తెరవకుండానే మూడు సరిచూడండి. లేబుల్ మీది నంబరుని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటో ఉంటే మీ ఫోటోతో పోల్చండి. సంవత్సరం, విలువ, ఎర్రర్ పేరు సరిగా పడ్డాయో లేదో చూడండి. డబ్బా అంచుల్లో పగులు ఉందేమో లూప్‌తో వెతకండి. లేబుల్‌లో తప్పు ఉంటే గడువు దాటకముందే డీలరు ద్వారా వెనక్కి పంపాలి. వాళ్ల పొరపాటైతే దిద్దడానికి మళ్లీ గ్రేడింగ్ ఫీజు కట్టనక్కర్లేదని ఆ డీలరు చేత ముందే రాయించుకోండి.